పంతం దించుకుంటేనే సుఖం

2023 నవంబరు ఆఖర్లో నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సగం గేట్లు మావంటూ మధ్యలో ముళ్లకంచె పడింది. కేంద్ర బలగాలు వచ్చి డ్యాంను తమ కాపలాలోకి తీసుకుంటే గానీ సంగతి సద్దుమణగలేదు. ఆ రోజుల్లో మా గురజాల కోర్టు ఆవరణలో ఎక్కడ విన్నా ఇదే మాట. కుడికాలువ కింద పొలాలున్న నా క్లయింట్లు తమ వాయిదాల సంగతి మరిచిపోయి డ్యాం గురించి వాదించుకున్నారు. వాళ్ల మాటలు వింటుంటే నాకు ఇంకో ఏరూ ఇంకో నీళ్ల గొడవా గుర్తొచ్చాయి.

ఆ ఏరు రోహిణి. ఒక ఒడ్డున శాక్యులు, ఇంకో ఒడ్డున కోలియులు. వానలు మొహం చాటేసిన ఏడాది రెండు వైపులా పైరు వాడిపోతోంది. ఉన్న నీళ్లు ఒక వైపుకే చాలతాయి. మొదట కూలీలు మాటా మాటా అనుకున్నారు. తర్వాత ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకున్నారు. ఆ తిట్లు పైదాకా పాకి, రాచవాళ్లు ఆయుధాలు పట్టుకొని ఏటి ఒడ్డుకు వచ్చారు. శాక్యులు బుద్ధుడికి తండ్రి వైపు వాళ్లు, కోలియులు తల్లి వైపు వాళ్లు. ఆయన ఇద్దరి మధ్యకూ వెళ్లి నిలబడ్డాడు. నీళ్ల విలువ ఎంత, మనిషి ప్రాణం విలువ ఎంత అని అడిగాడు. జవాబు చెప్పలేక వాళ్లు కత్తులు దించారని బౌద్ధ కథలు చెబుతాయి.

ఈ కథలో నన్ను ఆపేసేది మధ్యలో వచ్చే మలుపు. గొడవ మొదలైంది నీళ్ల కోసం. వంశాన్ని తిట్టుకున్న క్షణం నుంచి నీళ్ల ఊసు ఎవరికీ గుర్తులేదు. ప్లీడరుగా నేను రోజూ చూసేది ఆ మలుపునే. గట్టు తగాదాలు, పంపకాల దావాలు, మనోవర్తి కేసులు, కొట్లాట కేసులు ఇవే నా పని. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు నన్ను ప్లీడరమ్మ అంటారు. వచ్చి బల్ల ముందు కూర్చున్నవాళ్లు కాగితాలన్నీ చూపించాక, లేచి వెళ్లేముందు తరచుగా ఒక మాట అంటారు: “డబ్బు పోతే పోయిందమ్మా, వాడు మాత్రం గెలవకూడదు.”

పల్నాటి దుఃఖానికి వేరు ఈ మాటలోనే ఉంది. దానికి మందు కూడా ఈ నేల మీదే ఉంది, పదిహేడు వందల ఏళ్ల నాటి నుంచీ ఉంది. మనం బుద్ధుణ్ణి మ్యూజియంలో అద్దాల వెనక పెట్టుకున్నాం. ఆయన చెప్పిన పద్ధతిని మాత్రం ఇంట్లోకీ పొలం గట్టు మీదికీ తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే మన ఇళ్లలో సుఖం పెరుగుతుందని నా గట్టి నమ్మకం.

పల్నాడు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది యుద్ధం. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు రాజ్యం కోసం కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున తలపడ్డారు. కోడిపందెం దగ్గర రాజుకున్న పంతం ఒక తరాన్ని మింగేసింది. ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవం చేసుకుంటాం. ఆ వీరులకు నేనూ మొక్కుతాను. కానీ ఆ పౌరుషాన్ని ఇవాళ్టి ఊరి రాజకీయంలోకీ ఇంటి పంపకాల్లోకీ లాక్కొస్తే ఏమవుతుందో 2024 మే నెలలో చూశాం. పోలింగ్ అయ్యాక నరసరావుపేటలో, మాచర్లలో, మా గురజాలలో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి. ఆ తర్వాత కేసుల్లో ఇరుక్కొని కోర్టు మెట్లెక్కి దిగినవాళ్లలో ఎక్కువమంది రోజు కూలికి పోయే ఇళ్ల కుర్రాళ్లు. వాళ్ల తల్లులు అన్నం క్యారేజీలు ఒళ్లో పెట్టుకొని వేపచెట్టు కింద కూర్చునేవాళ్లు. గెలిచినవాడి తల్లి, ఓడినవాడి తల్లి అన్న తేడా ఆ చెట్టు కింద నాకు కనపడలేదు.

ఒక కేసు చెబుతాను. పేర్లూ ఊరూ అక్కర్లేదు. ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో మిరప చేను, ఆ చేను మధ్య గట్టు. వివాదం రెండు సాళ్ల మేర నేల. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి వెళ్లాడు, ఒప్పుకోలేదు. కోర్టు పంపిన కమిషనరు వచ్చి నివేదిక ఇచ్చాడు, దానికీ అభ్యంతరం పెట్టారు. ఏళ్లు గడిచాయి. ఖర్చులు లెక్కేస్తే ఆ రెండు సాళ్ల నేలను ఎన్నోసార్లు కొనేయొచ్చు. ఈలోగా తల్లి పోయింది. పాడె ఒకడు ముందు పట్టాడు, ఇంకొకడు దూరంగా నడిచాడు. పెద్దాయన నా క్లయింటు. ఒక రోజు వాయిదాకు ముందు వరండాలో ఆయన్ను అడిగాను: “తమ్ముడు కనపడగానే నీ ఒంట్లో ఏమవుతుంది పెద్దాయనా?” ఆయన వింతగా చూశాడు. అలాంటి ప్రశ్న ఏ ప్లీడరూ అడగడు. కాసేపు ఆలోచించి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని చెప్పాడు: “ఇక్కడ మంట మొదలవుతుందమ్మా. చెవుల్లో హోరు. అప్పుడు ఏం మాట్లాడతానో నాకే తెలియదు.”

“ఈసారి ఆ మంట రాగానే ఏమీ మాట్లాడొద్దు. దాన్ని చూస్తూ కూర్చో. ఎంతసేపుంటుందో చూడు” అన్నాను. తర్వాతి వాయిదా నాటికి ఆయనే వచ్చి చెప్పాడు, “పోతోందమ్మా. కదిలించకపోతే అదే పోతోంది” అని. ఆ తర్వాత ఇద్దరినీ లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టగలిగాం. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఇచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు. చట్టం చేయగలిగింది అది. సంతకం పెట్టేముందు తమ్ముడు అన్నను “భోంచేశావా” అని అడిగాడు. అది ఏ చట్టమూ రాయలేని మాట.

ఆ పెద్దాయనకు నేను చెప్పింది నా సొంత తెలివి కాదు. బుద్ధుడు చూపిన దారిలో ఇది మొదటి మెట్లలో ఒకటి. తిట్టు చెవిన పడుతుంది. ఒంట్లో ఒక బాధ పుడుతుంది. ఆ బాధను భరించలేక మనసు ఎదుటివాడి మీద పడుతుంది. మనం సాధారణంగా తిట్టును చూస్తాం, తిరుగుదెబ్బను చూస్తాం. మధ్యలో ఉన్న ఆ బాధను చూడం. చూడగలిగితే అక్కడే గొలుసు తెగుతుంది. ఈ అభ్యాసాన్ని బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న సత్యనారాయణ గోయెంకా 1969లో మన దేశానికి తెచ్చారు. భారతదేశంలో ఆ పద్ధతి నేర్పే మొదటి కేంద్రం హైదరాబాదులోనే, 1976లో ధమ్మఖేత్త పేరుతో మొదలైంది. మనకు ఇంకా దగ్గరగా, సాగర్ హిల్ కాలనీలో ధమ్మ నాగజ్జున కేంద్రం ఉంది. మాచర్ల నుంచి డ్యాం దాటి వెళితే చాలు.

అక్కడ పది రోజుల శిబిరం నేనూ చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. ఫోను ఉండదు, మాట ఉండదు, పుస్తకం ఉండదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర వచ్చే పోయే శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజు నుంచి ఒంట్లో పుట్టే ప్రతి అనుభూతినీ, నొప్పినీ, తిమ్మిరినీ, వేడినీ కదలకుండా చూడటం. చివర్లో మైత్రి, అంటే అందరూ సుఖంగా ఉండాలని మనసారా కోరుకోవడం. తిండికీ బసకీ పైసా అడగరు. శిబిరం పూర్తి చేసినవాళ్లు, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇష్టమైతే ఇచ్చేదే దానం. రోజంతా మాటలతో బతికే నాకు ఆ మౌనంలో తెలిసింది ఒకటుంది: కోపం ఎంత పెద్దదిగా వచ్చినా, దానికి మాట అందించకపోతే ఎక్కువసేపు నిలవదు. ఇప్పుడు పొద్దున్నే కోర్టుకు బయల్దేరేముందు కాసేపు కూర్చుంటాను. ఎదుటి ప్లీడరు గొంతు పెంచినప్పుడు నా శ్వాస ఎక్కడుందో చూసుకుంటాను. కేసు బాగా వాదించడానికి కోపం అవసరం లేదని ఆ అలవాటు నాకు నేర్పింది.

జైళ్లలో కూడా ఈ పద్ధతి నిలబడింది. 1994 ఏప్రిల్‌లో ఢిల్లీ తీహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి ఈ శిబిరంలో కూర్చున్నారు. ఆ ఏడాదే జైలు లోపల శాశ్వత కేంద్రం ఏర్పడింది. హత్య కేసుల్లో శిక్ష పడినవాళ్లు తమ మనసును చూసుకోగలిగినప్పుడు, గట్టు కోసం పోట్లాడుకునే మన రైతు చూసుకోలేడా?

శిబిరానికి వెళ్లే వీలు లేనివాళ్లకు పంచశీల ఉంది. దాన్ని నేను నా ఫైళ్ల బీరువా తెరిచినప్పుడల్లా గుర్తు చేసుకుంటాను. ప్రాణం తీయొద్దు: హత్యాయత్నం కేసులన్నీ ఆ అరలో ఉన్నాయి. ఇవ్వనిది తీసుకోవద్దు: ఏటా జానెడు జానెడు జరిగే గట్లు అక్కడే ఉన్నాయి. కామంలో తప్పు నడవొద్దు: విడాకులు, మనోవర్తులు. అబద్ధం ఆడొద్దు: దొంగసాక్ష్యం లేని కొట్లాట కేసు అరుదు. మత్తు తాగొద్దు: పైన చెప్పిన నాలుగింటికీ తలుపు తీసేది చాలాసార్లు బెల్టుషాపే. ఈ ఐదూ దేవుడి మీద నమ్మకం అడగవు, గుడి మారమనవు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టేవాడూ పాటించవచ్చు, చర్చికీ మసీదుకీ వెళ్లేవాడూ పాటించవచ్చు. పాటించిన ఇంట్లో రాత్రి నిద్ర పడుతుంది. సుఖం గురించి అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ నిద్ర గురించే.

ఇదంతా మనకు ఎక్కడి నుంచో వచ్చింది కాదు. మాచర్ల మండలంలో, ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న లోయలో, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న డ్యాంకు శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చేలోగా బయటికి తీయగలిగినంత తీయాలని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు సాగాయి. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు బయటపడ్డాయి. కొన్నింటిని నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. ఆ చైత్యాలకూ విహారాలకూ డబ్బిచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అందరికంటే పెద్ద దాత శాంతిశ్రీ. ఆమె తోడబుట్టిన శాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు, వైదిక మతస్థుడు. ఆమె బుద్ధుడి ఉపాసిక. ఒకే ఇంట్లో రెండు దారులు, గొడవ లేదు. ఆమె కూతుర్ని చేసుకున్న మేనల్లుడు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టించి శాసనం వేయించింది. శ్రమణులకూ బ్రాహ్మణులకూ దీనులకూ దానం చేసినదిగా ఆ శాసనం ఆమెను చెప్పుకుంటుంది. ఆ పుణ్యాన్ని పుట్టింటికీ మెట్టినింటికీ పంచింది. సమస్త లోకానికీ హితమూ సుఖమూ కలగాలని కోరింది.

బోధిశ్రీ అనే ఇంకో ఉపాసిక రాణి కూడా కాదు. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన పుణ్యంలో బంధువులందరికీ వాటా రాసింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల పేర్లు వస్తాయి. ఆస్తి పంపకాల దావాల్లో నలిగిపోయే నాకు ఆ శాసనాల గురించి చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ప్రాంతపు ఆడవాళ్లు పంపకాల పత్రం రాస్తే అది సుఖాన్ని పంచే పత్రమైంది. సుఖం ఒక్కరి దగ్గరే నిలవదని, పంచితేనే నిలుస్తుందని వాళ్లకు తెలుసు. రెంటచింతల దగ్గరి గోలి స్తూపం మీద చెక్కింది కూడా ఉన్నదంతా ఇచ్చేసిన వెస్సంతరుడి కథనే.

మన జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపపు చక్రఫలకం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. బుద్ధుడి మీదికి తోలిన నలగిరి ఏనుగు కథ అది. ఎడమవైపు ఏనుగు మదమెక్కి వీధిలో మనుషుల్ని విసిరికొడుతోంది. జనం ఒకరి మీద ఒకరు పడి పారిపోతున్నారు. మేడల మీది నుంచి ఇంకొందరు తొంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. మధ్యలో ఏ ఆయుధమూ లేదు, ఆయన మైత్రి తప్ప. మన పల్నాటి రాతిలో చెక్కిన ఆ బొమ్మను ఎన్నికల ముందు ప్రతి ఊరి రచ్చబండ మీదా పెట్టాలని నా కోరిక.

ఇక్కడ రెండు ప్రశ్నలు నన్ను అడుగుతుంటారు. మొదటిది దళితవాడల నుంచి వచ్చే ప్రశ్న: తరతరాలుగా దెబ్బలు తిన్నవాణ్ణి ఇంకా ఓర్చుకోమంటావా అమ్మా? అననే అనను. బౌద్ధం తలవంచడం నేర్పితే, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో ఆ దారి పట్టేవారే కాదు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం న్యాయంగా ఉండటమే ధర్మమని ఆయన దాన్ని ఎంచుకున్నారు. మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇచ్చి, శాక్య రాకుమారుల్ని అతనికి నమస్కరించమన్న సంఘం అది. పల్నాటి యుద్ధం నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ కలిపి కూర్చోబెట్టిన చాపకూడు మన నేల మీద ఆ సంప్రదాయానికి చుట్టమే. కేసు పెట్టండి, పై కోర్టుకు వెళ్లండి, హక్కు వదలొద్దు. ఆ పోరాటం మీ నిద్రనూ మీ పిల్లల నిద్రనూ తినేయకుండా చూసుకోండి. అంతే నేను అడిగేది.

రెండోది రైతు ప్రశ్న: మిరపకు ధర లేక, అప్పు తీరక చస్తుంటే శ్వాస చూసుకోమంటావా? ఆళవి అనే ఊళ్లో జరిగినట్లు చెప్పే కథ ఒకటుంది. ఎద్దు తప్పిపోయిన పేద రైతు ఒకడు రోజంతా వెతికి, ఆకలితో ఆలస్యంగా బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. సభ అంతా ఉపదేశం కోసం ఎదురుచూస్తోంది. ఆయన మొదట ఆ రైతుకు అన్నం పెట్టించాడు. అతని కడుపు నిండాకే మాట్లాడాడు. ఆకలిని మించిన రోగం లేదన్నాడు. కాబట్టి ధ్యానం గిట్టుబాటు ధరకు బదులు కాదు. ధరా ఇవ్వాలి, అప్పూ ఇవ్వాలి, కాలువ చివరి చేను దాకా నీళ్లూ రావాలి. అవన్నీ అడిగే రైతు, ఆ పోరాటం సాగేదాకా పురుగుమందు డబ్బా వైపు చూడకుండా బతికి ఉండాలి. కష్టం ముంచుకొచ్చిన రాత్రి మనసు ఒక్క గంట నిలదొక్కుకుంటే తెల్లారుతుంది. ఆ గంట కోసమే అభ్యాసం. అయితే ఒంటరిగా కూర్చోవద్దు. ఇంట్లో చెప్పుకోవాలి, డాక్టరుకు చెప్పుకోవాలి. పక్కింటివాళ్లు తలుపు తట్టి అడగాలి. మైత్రి అంటే అదీ.

అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడు ఉన్నాడు. 2006 జనవరిలో దలైలామా వచ్చి అక్కడ కాలచక్ర ఉత్సవం జరిపితే ప్రపంచమంతా తరలివచ్చింది. విగ్రహాలకూ ఉత్సవాలకూ మనకు కొరత లేదు. మనకు కావాల్సినవి చిన్న పనులు. పల్నాడు జిల్లాలో ప్రతి హైస్కూల్లో పాఠాలు మొదలయ్యేముందు పది నిమిషాలు పిల్లల్ని కళ్లు మూసుకొని శ్వాస చూసుకోనివ్వండి. ఫీజు అక్కర్లేదు, మతం అక్కర్లేదు. పిల్లల్ని విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్లే మాస్టార్లు ఫొటోలతో ఆపకుండా శాంతిశ్రీ ఏం కోరుకుందో చెప్పాలి. పార్టీల నాయకులు ఓటు అడిగే నోటితోనే, పోలింగ్ అయ్యాక పక్క పార్టీవాడి ఇంటి మీదికి పోవద్దని తమ కుర్రాళ్లకు చెప్పాలి. పెద్దమనుషులు పంచాయితీ మొదలుపెట్టేముందు ఇరువైపుల వాళ్లకూ అన్నం పెట్టాలి.

చదువుతున్న మీకు ఒక మాట. ఇవాళ మీరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆ పేరు మీకు ఈపాటికే గుర్తొచ్చి ఉంటుంది. అన్నో తమ్ముడో వియ్యంకుడో, గట్టు అవతలి రైతో. రాత్రి పడుకునేముందు కాసేపు కూర్చొని, ఆ పేరు తలుచుకున్నప్పుడు ఛాతీలో పుట్టే మంటను ఏమీ చేయకుండా చూడండి. అది తగ్గాక, ఆ మనిషి కూడా సుఖంగా ఉండాలని ఒక్కసారి అనుకోండి. వారం పాటు చేసి, తర్వాత వాళ్లింటికి వెళ్లండి. కేసు ఉంటే ఉండనివ్వండి, ఆ సంగతి మేం ప్లీడర్లం చూసుకుంటాం. పలకరింపు మాత్రం మీరే మొదలుపెట్టాలి.